బడిలో టైప్‌-1 షుగర్ ఉన్న పిల్లలు: డబ్బా ఎక్కడ పెట్టాలి, పడిపోతే ఏం చేయాలి, ఒంటిపూట బడుల్లో ఎట్లా?

దేవరకొండ హెచ్‌ఎం | జూన్ 13, సాయంత్రం 6:10
అందరికీ నమస్తే. మా ఉన్నత పాఠశాల ఏడో తరగతిల టైప్‌-1 డయాబెటిస్ ఉన్న అమ్మాయి చేరింది. బరువు 30 కిలోలు. రోజుకు నాలుగు ఇన్సులిన్ సూదులు, అందుల మధ్యాహ్నంది బడిలనే పడాలె. సూది తనే వేసుకుంటది. స్టాఫ్‌కు భయం ఉన్నది. నాకు కావాల్సింది ధైర్యం మాటలు కాదు, లెక్కలు. 1) సామాన్ల డబ్బా ఆఫీసు బీరువాలనా, క్లాసులనా? 2) కళ్లు తిరిగితే ఏం పెట్టాలె, ఎంత పెట్టాలె? 3) మధ్యాహ్న భోజనం పెట్టొచ్చునా? 4) సూది విషయంల టీచర్ పని ఎంతవరకు?

పాలమూరు సిస్టర్ | జూన్ 13, రాత్రి 8:02
సార్, రెండోదానితో మొదలుపెడతా. బడిలో నిమిషాల మీద వచ్చే ప్రమాదం లో-షుగరే, అంటే రక్తంలో చక్కెర బాగా పడిపోవడం.

వేలి రక్తపు చుక్కతో షుగర్ చూసే మీటర్‌లో 70 కంటే తక్కువ వస్తే లో. 54 కంటే తక్కువ వస్తే చాలా లో. పెద్ద పిల్లలకు 15 గ్రాముల గ్లూకోజ్ అంటారు, చిన్నోళ్లకు కిలో బరువుకు 0.3 గ్రాములు. మీ అమ్మాయికి 30 × 0.3 = 9 గ్రాములు. తలకొట్టిన టీ చెంచాలో చక్కెర సుమారు 4 గ్రాములు పడుతుంది, కాబట్టి రెండు చెంచాలు దాటి కొంచెం. గ్లూకోజ్ పొడి అయితే ఇంకా తొందరగా పనిచేస్తుంది. అర గ్లాసు నీళ్లలో కలిపి తాగించాలి. 15 నిమిషాలు గడియారం చూసి మళ్లీ మీటర్ పెట్టాలి. ఇంకా 70 లోపే ఉంటే అంతే మోతాదు మళ్లీ. 70 దాటాక, తర్వాతి తిండికి గంట కంటే ఎక్కువ టైమ్ ఉంటే రెండు బిస్కెట్లో, ఒక అరటిపండో పెట్టాలి. లేకపోతే మళ్లీ దిగుతుంది.

మీటర్ చేతికి అందకపోతే లో అనుకొనే చక్కెర ఇవ్వండి. అది లో కాకపోయినా 9 గ్రాముల చక్కెరతో ఏమీ మునగదు. లో అయ్యుండి ఇవ్వకపోతేనే ప్రమాదం.

గుర్తులు: చెమట, వణుకు, ఆకలి, గుండె దడ, పెదాల చుట్టూ తిమ్మిరి. వీటి కంటే టీచర్‌కు ముందు దొరికేది నోటుబుక్కు. అక్షరాలు వంకరపోవడం, గీత మీది నుంచి రాత జారిపోవడం, వచ్చిన లెక్కే రాకపోవడం, ఊరికే కసురుకోవడం. “మొండికేసింది” అనుకునే పిల్ల 55లో ఉండొచ్చు.

లెక్కల మాస్టర్, వనపర్తి | జూన్ 13, రాత్రి 8:40
చెంచాతో తంటా ఉన్నది. ఒకరి చెంచా చిన్నది, ఇంకొకరిది గుమ్మటం. కిరాణా దుకాణం ఎలక్ట్రానిక్ కాంటా మీద గ్లూకోజ్ పొడిని 9 గ్రాముల లెక్కన తూచి, మూత బిగుతుగా ఉండే చిన్న ప్లాస్టిక్ డబ్బీలల్ల పోసి పెట్టుకుంటే ఆ గాబరాల కొలిచే పని ఉండదు. కాయితం పొట్లం వద్దు, వానాకాలం చెమ్మకు రాయి అయితది. ఒక డబ్బీ పిల్ల బ్యాగుల, ఒకటి క్లాస్ టీచర్ టేబుల్‌ల, ఒకటి పీఈటీ దగ్గర, ఒకటి ఆఫీసుల. ఏడాదికోసారి గాదు, టర్ముకోసారి మార్చాలె.

నాగర్‌కర్నూల్ నుంచి | జూన్ 13, రాత్రి 9:15
గ్లూకోజ్ బిస్కెట్లు, పల్లీ పట్టీ సరిపోవా? ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు బళ్లె ఎట్లాగూ ఉంటయి కదా.

పాలమూరు సిస్టర్ | జూన్ 13, రాత్రి 9:31
మూడూ సరిపోవు. గ్లూకోజ్ బిస్కెట్ పేరులోనే గ్లూకోజ్, లోపల మైదా, నూనె. పల్లీ పట్టీలో బెల్లం ఉన్నా పల్లీ కొవ్వు దాన్ని కడుపులోనే ఆపి పెడుతుంది, చాక్లెట్ కూడా అంతే. ఇవి లో తగ్గాక తినేవి, లో తగ్గించేవి కావు. ఓఆర్‌ఎస్ సంగతి లెక్కలోనే ఉంది: ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములాలో లీటరుకు గ్లూకోజ్ 13.5 గ్రాములే. గ్లాసుడు అంటే 200 మిల్లీలీటర్లకు 2.7 గ్రాములు. మూడు గ్లాసులు తాగినా 9 రాదు.

కూల్‌డ్రింక్ అయితే మామూలుది 100 మిల్లీలీటర్లు దగ్గర దగ్గర 10 గ్రాములు. సీసా మీద “జీరో”, “డైట్” అని ఉంటే అందులో చక్కెర సున్నా. హడావుడిలో దుకాణం నుంచి అది తెస్తే నీళ్లు తాగించినట్టే.

నల్లగొండ పిల్లల డాక్టర్ | జూన్ 13, రాత్రి 10:20
సిస్టర్ చెప్పింది సరైనదే. స్పృహ తప్పినప్పటి పద్ధతి కలుపుతాను.

మింగలేని స్థితిలో ఉన్నా, ఫిట్స్ వస్తున్నా నోట్లో ఏమీ పోయొద్దు. తేనె, చక్కెర నీళ్లు, మామూలు నీళ్లు ఏవీ వద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, 108కి ఫోన్ చేసి “షుగర్ పిల్ల, ఇన్సులిన్ మీద ఉంది, స్పృహ లేదు” అని ఈ మూడు ముక్కలే చెప్పాలి. గ్లూకగాన్ (షుగర్‌ను పైకి లేపే మందు) ఇంజక్షన్ ఉంటే 25 కిలోల లోపు పిల్లలకు 0.5 మిల్లీగ్రాము, ఆపైన 1 మిల్లీగ్రాము, తొడ కండలోకి. మీ పిల్లకు పూర్తి మోతాదు. కిట్‌లో పొడి వేరు, నీళ్లు వేరు. నీళ్లను పొడి సీసాలోకి ఎక్కించి కరిగించి, మళ్లీ సిరంజిలోకి లాగి వెయ్యాలి. దీన్ని ఖాళీ సిరంజితో ముందే ఒకసారి చేసి చూసుకోని మనిషికి ఆ సమయంలో చేతులు ఆడవు. వేశాక వాంతి రావడం మామూలే, పక్కకు తిప్పమన్నది అందుకే. గ్లూకగాన్ ఊళ్లోని మందుల షాపులో అడగ్గానే దొరికే సరుకు కాదు, ముందే ఆర్డర్ పెట్టించాలి.

ఇక ఒకటో ప్రశ్న. ఆఫీసు బీరువా అసలే వద్దు. తాళంచెవి ఉన్నాయన మీటింగ్‌కు మండలానికి పోతే డబ్బా ఉన్నా లేనట్టే.

దేవరకొండ హెచ్‌ఎం | జూన్ 14, ఉదయం 7:05
క్లాసుల సూదులు ఉంటే వేరే పిల్లలు తీస్తరని టీచర్లు అంటున్నరు.

మిర్యాలగూడ ఫార్మసీ | జూన్ 14, ఉదయం 7:50
సార్, రెండుగా విడదీయండి. గ్లూకోజ్ డబ్బీ, మీటర్, స్ట్రిప్పులు పిల్ల బ్యాగులో. ఇన్సులిన్, సూదులు ఉన్న డబ్బా క్లాస్ టీచర్ దగ్గర, తాళం లేకుండా, పిల్లలకు అందని ఎత్తులో. వాడిన సూదిని మళ్లీ మూత పెట్టకుండా గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వెయ్యాలి. ఫినాయిల్ డబ్బా లాంటి మందపాటిది కావాలి, పలచటి నీళ్ల సీసాను సూది పొడుచుకొని బయటికి వస్తుంది. ముప్పాతిక నిండాక టేపు చుట్టి పీహెచ్‌సీకి అప్పజెప్పాలి. చెత్తకుప్పలోకి గానీ, వంట దగ్గరి పొయ్యిలోకి గానీ పోకూడదు.

అన్నిటికంటే ముందు సీసా మీద ఏం రాసి ఉందో చూడండి. మన దగ్గర ఇన్సులిన్ రెండు గాఢతల్లో దొరుకుతుంది: మిల్లీలీటరుకు 40 యూనిట్లు, 100 యూనిట్లు. సర్కారు దవాఖానల్లో ఇచ్చే సీసాలు ఎక్కువగా 40వి. ఇన్సులిన్ పెన్నుల్లో వేసే కార్ట్రిడ్జులు 100వి. సిరంజిలు కూడా రెండు రకాలు: 40కి ఎర్ర మూత, 100కి నారింజ మూత. 8 యూనిట్ల మోతాదు అనుకోండి. 40 సీసాలోది నారింజ మూత సిరంజితో 8 గీత దాకా లాగితే పడేది 3.2 యూనిట్లు, షుగర్ ఎక్కిపోతుంది. 100 సీసాలోది ఎర్ర మూత సిరంజితో 8 దాకా లాగితే 20 యూనిట్లు పడతాయి, మధ్యాహ్నం మూడో పీరియడ్‌కల్లా పిల్ల కింద పడిపోతుంది. ఇంట్లో ఒక రకం, బళ్లో ఒక రకం పెట్టినప్పుడు, లేదా షాపులో “అదే సిరంజి” అని వేరేది ఇచ్చినప్పుడు ఈ తప్పు జరుగుతుంది. సీసాకు, సిరంజి డబ్బాకు ఒకే రంగు టేపు అంటించండి.

నాగర్‌కర్నూల్ నుంచి | జూన్ 14, ఉదయం 9:12
ఇంత బాధ ఎందుకు, తిండి కట్టడి పెట్టి మెంతులు, కాకరకాయ రసం తాగిపిస్తే సూదులు తగ్గవా? మా దిక్కు ఆకు పసరు పోసేటోళ్లు ఉన్నరు.

నల్లగొండ పిల్లల డాక్టర్ | జూన్ 14, ఉదయం 9:40
తగ్గవు. పెద్దల్లో ఎక్కువగా కనిపించేది టైప్‌-2. అందులో ఇన్సులిన్ ఉంటుంది, సరిగా పనిచేయదు. టైప్‌-1లో ఇన్సులిన్ తయారుచేసే కణాలే పోతాయి. బయటి నుంచి వెయ్యకపోతే ఒకటి రెండు రోజుల్లో రక్తం ఆమ్లమయమై ప్రాణం మీదికి వస్తుంది. సూది మొదలుపెట్టిన కొత్తలో కొన్ని నెలలు మోతాదు తగ్గుతుంది, మిగిలిన కొద్ది కణాలు పనిచేసే కాలం అది. సరిగ్గా ఆ నెలల్లో పసరు పోస్తారు, “తగ్గింది” అని పేరు వాళ్లకు వస్తుంది. ఇంకోటి, ఈ జబ్బు తీపి తినడం వల్ల రాలేదు, అంటుకోదు. పక్కన కూర్చోవద్దని ఏ పిల్లనూ జరపొద్దు.

మూడో ప్రశ్నకు వస్తే, మధ్యాహ్న భోజనం పెట్టొచ్చు, పెట్టాలి. ఎంత తింటుందన్నదే అసలు లెక్క.

లెక్కల మాస్టర్, వనపర్తి | జూన్ 14, ఉదయం 10:26
దాని లెక్క నేను చెప్తా. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు కాగితం మీద తలకు 150 గ్రాముల బియ్యం. 100 గ్రాముల పచ్చి బియ్యంల పిండిపదార్థం 78 గ్రాముల దాక ఉంటది, అంటే 150కి సుమారు 117. కానీ పళ్లెంల పడేది కాగితం గాదు కదా. వండిన అన్నం 100 గ్రాములకు 28 వేసుకోండి. ఒక కొలత గిన్నె ఖాయం చేసి, ఒక్కరోజు కాంటా మీద తూచి, ఆ అంకె తల్లిదండ్రుల ద్వారా డాక్టర్‌కు పంపాలె. 150 గ్రాముల అన్నం పట్టే గిన్నె అయితే 42 గ్రాములు. రోజూ అదే గిన్నె, వంటమ్మ మారినా గిన్నె మారొద్దు. మారు వడ్డన కావాలంటే పప్పు, కూర, గుడ్డు ఉన్న రోజు గుడ్డు. వాటితోని షుగర్ అంతగా ఎక్కదు.

పొద్దున రాగి జావ పోసే బళ్లల్ల ఇంకో తిరకాసు. జావ మంచిదే, రాగి మంచిదే అని పోస్తరు. రాగి పిండిపదార్థమే, బెల్లం చక్కెరే. ఇంట్ల ఇడ్లీకో రొట్టెకో సూది వేసుకొని వచ్చిన పిల్లకు ఆ జావ లెక్కల లేదు. మధ్యాహ్నం 280 వచ్చినంక “ఇన్సులిన్ పనిచేస్తలేదు” అని మోతాదు పెంచుతరు. ఆదివారం బడి లేదు, జావ లేదు, అప్పుడు లో. జావ పోస్తే డాక్టర్‌కు తెలిసి పొయ్యాలె, లేకుంటే ఆపాలె.

పాలమూరు సిస్టర్ | జూన్ 14, మధ్యాహ్నం 1:05
మాస్టారు చెప్పిన జావ సంగతి అందరూ మరిచేదే. దానికి తోడు సూదికీ తిండికీ మధ్య టైమ్. రెగ్యులర్ ఇన్సులిన్ అయితే తినడానికి 30 నిమిషాల ముందు, కొత్త రకం వేగంగా పనిచేసేదైతే తినడానికి కాస్త ముందు, 15 నిమిషాల లోపు. బడిలో తప్పు జరిగేది రెగ్యులర్‌తో. 12:15కి సూది వేసుకుంది, గ్యాస్ అయిపోయి అన్నం 1:20కి దిగింది, ఆ మధ్యలో లో. కాబట్టి సూదికి ముందు వంటమ్మను “దించినవా?” అని అడగాలి. అనుమానం ఉంటే పళ్లెం ముందుకు వచ్చాకే వేసుకోవాలి. తర్వాత షుగర్ కాస్త ఎక్కినా పర్వాలేదు.

సూది వేసుకున్నాక సగం అన్నం వదిలేస్తే ఎవరూ చూడరు. అది చూడడమే టీచర్ పని. మిగిల్చినంత పిండిపదార్థానికి అరటిపండు పెట్టించండి.

నాలుగోదానికి నా సమాధానం: మీటర్ అంకె చూడడం, సిరంజి గీత చూడడం, పళ్లెం చూడడం, రిజిస్టర్‌లో టైమ్‌తో రాయడం. మోతాదు పెంచడం, తగ్గించడం టీచర్ పని కాదు, డాక్టర్ రాసిచ్చిన కాగితం ప్రకారమే. షుగర్ 70 లోపు ఉంటే ముందు లో తగ్గించాలి, సూది తర్వాత. సూది వేసుకునే చోటు బాత్రూమ్ కాకూడదు. స్టాఫ్‌రూమ్‌లో ఒక కుర్చీ, ఒక తెర చాలు.

కల్వకుర్తి పీఈటీ | జూన్ 14, సాయంత్రం 5:48
కబడ్డీ, ఖోఖో ఆడనియ్యాలె, బెంచి మీద కూర్చోబెట్టొద్దు. ఆటకు ముందు మీటర్ చూడాలె. 90 లోపు ఉంటే 10–15 గ్రాముల పిండిపదార్థం తిని కొంచెం ఆగి దిగాలె. 250 దాటి కీటోన్లు (ఇన్సులిన్ చాలనప్పుడు ఒంట్ల పుట్టే ఆమ్లాలు) ఉంటే ఆట బంద్. పరుగు ఉన్న రోజు సూది తొడకు గాకుండ పొట్టకు వెయ్యాలె. ఉరికే తొడల నుంచి ఇన్సులిన్ తొందరగా రక్తంల కలుస్తది. ఆట అయిపోంగనే బాగానే ఉంటది, రాత్రి రెండు మూడు గంటలకు దిగుతది. స్పోర్ట్స్ డే రోజు ఇంటికి కబురు పంపుడు మరువొద్దు. పంద్రాగస్టు పరేడ్, ప్రార్థనల ఎండల నిలబెట్టినప్పుడు కిందపడితే వడదెబ్బ అనుకొని నీళ్లు చల్లుడు గాదు, ముందు మీటర్.

గురుకులం వార్డెన్ | జూన్ 14, రాత్రి 9:02
హాస్టళ్లల్ల రాత్రి తిండి 7 గంటల లోపే అయిపోతది, మళ్ల పొద్దున దాక ఏమీ ఉండదు. పడుకునే ముందు మీటర్ తప్పనిసరి. పక్క మంచం పిల్లకు లో గుర్తులు చెప్పి ఉంచాలె, అర్ధరాత్రి చెమటతో బట్టలు తడిసినయంటే లేపాలె అని. స్టాఫ్ నర్స్ సెలవు మీద ఉంటే తాళంచెవి ఎవరి దగ్గర అన్నది నోటీస్ బోర్డు మీద రాయాలె.

నల్లగొండ పిల్లల డాక్టర్ | జూన్ 14, రాత్రి 9:55
హై-షుగర్ గురించి కొద్దిగా. 250 పైన ఉండి దాహం, మాటిమాటికి మూత్రం ఉంటే నీళ్లు తాగనివ్వండి, బాత్రూమ్‌కు పంపండి. “ఇప్పుడే కదా పోయినవ్” అనడం తప్పు. కడుపునొప్పి, వాంతులు, లోతుగా గబగబా ఊపిరి, నోట్లో పండిన పండ్ల వాసన — ఇవి కనిపిస్తే మూత్రంలో కీటోన్ స్ట్రిప్ ముంచి చూడాలి, సీసా మీది రంగుల పట్టీతో, అక్కడ రాసిన సెకన్ల ప్రకారం పోల్చాలి. రంగు మారితే పీహెచ్‌సీలో ఆగకుండా పెద్దాసుపత్రికి. నల్లగొండ, మహబూబ్‌నగర్, సూర్యాపేటల్లో సర్కారు వైద్య కళాశాలల ఆసుపత్రులు ఉన్నాయి. బడిలో వాంతి అంటే అందరికీ మొదట తోచేది మధ్యాహ్న భోజనం. పది మందిలో ఈ ఒక్క పిల్లే వాంతి చేసుకుంటే అన్నాన్ని అనుమానించే ముందు షుగర్ చూడండి. “ఏం తినలేదు కదా” అని ఇన్సులిన్ మానేయడం మాత్రం ఎప్పుడూ చేయొద్దు.

షుగర్ పిల్ల అమ్మ, గద్వాల | జూన్ 15, ఉదయం 6:30
మీటర్ గురించి ఎవ్వరు చెప్పలే. చేతులు సబ్బుతో కడిగి, తుడిచి, వేలి కొసకు గాకుండ పక్కకు గుచ్చాలె. బెల్లమో మామిడిపండో అంటిన వేలు 300 చూపిస్తది. ఆ అంకె చూసి ఎక్స్‌ట్రా సూది వేస్తే లో అయితది. స్ట్రిప్పుల డబ్బా మూత వెంటనే పెట్టాలె, తేమ తగిలితే తప్పు అంకెలు. బడి పిల్లలు పలహారాలు పంచుకునే రోజులు, పుట్టినరోజు చాక్లెట్లు, బతుకమ్మ సద్దులు, సకినాలు, ఇవన్నీ ముందు రోజే చెప్తే సూది లెక్క చూసుకుంటం. “నీకొద్దులే” అని పిల్లను పక్కన నిలబెడితే దాచుకొని తింటది, అప్పుడు లెక్క దొరకదు.

దేవరకొండ హెచ్‌ఎం | జూన్ 15, ఉదయం 8:15
చాలా ఉపయోగం అందరికీ. ఎండాకాలం ఇన్సులిన్ ఎట్ల? మా బళ్లె ఫ్రిజ్ లేదు. మార్చిల రేకుల గది ఓవెన్ లెక్క.

మిర్యాలగూడ ఫార్మసీ | జూన్ 15, ఉదయం 11:20
విప్పని సీసాలు ఇంట్లోనో పీహెచ్‌సీలోనో 2–8 డిగ్రీల్లో. విప్పింది 30 డిగ్రీలు దాటకుండా 28 రోజులు వాడొచ్చు, విప్పిన తేదీ సీసా మీదే రాయండి. మన దగ్గర ఏప్రిల్, మేల్లో 44, 45 కూడా తాకుతుంది కాబట్టి గది వేడి అనేదే ఉండదు. కుండలో కుండ పద్ధతి పనిచేస్తుంది. పెద్ద మట్టికుండ, లోపల చిన్నది, మధ్యలో ఇసుక. ఇసుకను పొద్దున, మధ్యాహ్నం తడపాలి. లోపలి కుండలో నీళ్లు ఉండకూడదు. ఇన్సులిన్‌ను మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి లోపల ఉంచి, పైన తడిగుడ్డ. గాలి ఆడే నీడలో పెట్టాలి. నీరు ఆవిరై పోతేనే చల్లబడుతుంది, మూసేసిన బీరువాలో పెడితే ఫలితం ఉండదు. పొడి ఎండల్లో బాగా చల్లబడుతుంది, వానాకాలం అంతగా కాదు, అప్పుడు అంత అవసరమూ లేదు.

ఐస్ ముక్కల మీద నేరుగా పెట్టొద్దు. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినాక చూడడానికి మామూలుగానే ఉంటుంది, పనిచేయదు. బైక్ డిక్కీ వద్దు, బస్సు అద్దం పక్కన వద్దు. రెగ్యులర్ రకం నీళ్లలా తేటగా ఉండాలి, మబ్బుగా మారితే పారేయాలి. ఎన్‌పీహెచ్ అనే, నెమ్మదిగా ఎక్కువసేపు పనిచేసే రకం ఎట్లాగూ పాలలా ఉంటుంది, దాన్ని అరచేతుల మధ్య దొర్లించాలి, కుదపొద్దు. దొర్లించినా అడుగున గడ్డలు మిగిలితే అదీ పనికిరాదు. స్ట్రిప్పులకూ వేడి పడదు.

లెక్కల మాస్టర్, వనపర్తి | జూన్ 15, మధ్యాహ్నం 2:04
ఒంటిపూట బడుల సంగతి. మార్చి నడిమిట్ల బడి 8 గంటల నుంచి 12:30 దాక మారుతది. అప్పటిదాక 8:30కి తిని సూది వేసుకునే పిల్ల 7:15కే తినాలె. లేకుంటే గబగబా సూది పొడుచుకొని, రొట్టె సంచిల పెట్టుకొని, ప్రార్థనల నిలబడతది. 15వ తారీఖు వరకు ఆగొద్దు, మార్చి మొదటి వారంలనే కొత్త టైమ్‌ల పట్టిక డాక్టర్ దగ్గర రాయించుకోవాలె. పదో తరగతి పరీక్షా కేంద్రం పడ్డ బళ్లల్ల తరగతులు మధ్యాహ్నానికి జరుగుతయి, మళ్ల ఇంకో పట్టిక.

సూర్యాపేట తెలుగు పండిట్ | జూన్ 15, సాయంత్రం 4:37
పదో తరగతి పరీక్షలకు ఏమైనా వెసులుబాటు ఉందా?

నల్లగొండ పిల్లల డాక్టర్ | జూన్ 15, రాత్రి 8:50
సీబీఎస్‌ఈ 2017లోనే టైప్‌-1 పిల్లలకు పరీక్ష హాల్లోకి షుగర్ ట్యాబ్లెట్లు, పండ్లు, చిరుతిండి, 500 మిల్లీలీటర్ల నీళ్ల సీసా అనుమతించింది. జేఈఈ మెయిన్‌లో షుగర్ ట్యాబ్లెట్లు, అరటి, ఆపిల్, నారింజ లాంటి పండ్లు, పారదర్శకమైన నీళ్ల సీసా సరే, చాక్లెట్, సాండ్‌విచ్ లాంటి ప్యాక్ చేసినవి వద్దు. 2023లో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ రాష్ట్రాలకు లేఖ రాసింది: బడిలో షుగర్ చూసుకోనివ్వండి, ఇన్సులిన్ వేసుకోనివ్వండి, చిరుతిండి తిననివ్వండి అని. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల్లో మాత్రం టైప్‌-1 లేదు. ఆ సర్టిఫికెట్ కోసం తిరగడం కంటే, హాల్‌టికెట్ రాకముందే హెచ్‌ఎం ద్వారా డాక్టర్ లేఖ జతచేసి చీఫ్ సూపరింటెండెంట్‌కు దరఖాస్తు పెట్టి, సంతకంతో నకలు తీసుకోండి. గేటు దగ్గర తనిఖీ చేసే వాళ్ల చేతిలో పెట్టాల్సింది ఆ నకలే. 9:30 పరీక్షకు 9 గంటలకు ఒకసారి మీటర్. మధ్యలో లో వస్తే గ్లూకోజ్ తాగాక కనీసం పదిహేను నిమిషాలు తల సరిగ్గా పనిచేయదు, ఆ సేపు రాయించొద్దు.

షుగర్ పిల్ల అమ్మ, గద్వాల | జూన్ 16, ఉదయం 6:12
వలస పోయే ఇండ్ల పిల్లల గురించి గూడ రాయుండ్రి. అమ్మానాన్న పట్నం పనులకో ఇటుక బట్టీలకో పోతే పిల్ల అవ్వ దగ్గర ఉంటది. ఫోన్ నంబర్లు రెండు రాసుకోవాలె, ఒకటి ఇక్కడి మనిషిది. సీసా అయిపోయే పది రోజుల ముందే ఎవరు తెస్తరో అడగాలె, 28వ రోజున గాదు.

దేవరకొండ హెచ్‌ఎం | జూన్ 16, ఉదయం 7:44
రిజిస్టర్ గీస్తున్న. గడులు: తేదీ, టైమ్, మీటర్ అంకె, సూది యూనిట్లు, గిన్నె పూర్తిగా తిన్నదా, సంతకం. ఇంకేమన్న?

పాలమూరు సిస్టర్ | జూన్ 16, ఉదయం 8:10
“తిన్నదా” గడి పక్కన “ఎంత వదిలింది” అని పెట్టండి సార్. అవును, కాదు అని టిక్కు కొట్టే గడి ఉంటే రోజూ అవుననే కొడతారు.